మాట అందించే మనిషి

తోటపల్లి గూడూరు,
జూన్, శుక్రవారం

అబిగయీలక్కా,

ఫోను చేస్తే ఎత్తవు. "ఉత్తరం రాయి, చదివి దిండు కింద పెట్టుకుంటా" అని మెసేజీ పెడతావు. సరే, మహారాణి గారి ఆజ్ఞ. నా దస్తూరీ నీకు తెలిసిందే, రోజంతా మిషను మీద బట్టలు కుట్టిన చెయ్యి పెన్ను పట్టుకుంటే అక్షరాలన్నీ ఒక పక్కకే వాలిపోతాయి. ఓపిక చేసుకుని చదువుకో.

ఇక్కడ పెద్ద వార్త. మన నాటక సమితి వాళ్లు 'ఆఖరి కయ్య' మళ్లీ ఆడుతున్నారు. నవంబరులో నెల్లూరులో నాటకాల పండగ ఉందట, మనల్ని పిలిచారు. వినగానే గంతేశాను, నువ్వు వస్తావని. తీరా చూస్తే సమితి నడిపే పెంచలకృష్ణ గారు తన రొయ్యల మేత దుకాణం తలుపుకు ఒక కాగితం అంటించారు. ఈసారి ఆడవేషాలకు బయటి ఊళ్ల నుంచి నటీమణుల్ని పిలిపించరట. చుట్టుపక్కల ఆడవాళ్లలోంచే ఎంచుకుంటారట. దానికి ఆడిషన్ అట. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన చొక్కా కాలరు సర్దుకుంటున్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆ నాటకంలో నాలుగు పక్కలా పొలాలన్నీ రొయ్యల గుంటలుగా తవ్వేశాక, మిగిలిన ఒక్క వరికయ్యనూ అమ్మనని గట్టు మీద నిలబడే సీతాలంటే మా ఊరికి నువ్వే. ఇప్పటికీ బజారులో అమ్మాయిలు గట్టిగా మాట్లాడితే "సీతాలు మాదిరి నిలబడుకుందే" అంటారు. అందుకే ఆయన్ని అడిగేశాను, అక్కకు చెప్పారా అని. అన్నీ మాట్లాడేశానులేమ్మా అని తల తిప్పుకుని బస్తా కుట్టు విప్పుకుంటూ కూర్చున్నారు.

ఇక్కడిదాకా రాసి, పెన్ను పక్కన పెట్టి, ఒక జాకెట్టు కుట్టి మళ్లీ వచ్చాను. అసలు మాట రాయడానికి ధైర్యం చాలలేదు.

ఆ వేషానికి నేను వెళ్లాలనుకుంటున్నానక్కా.

నవ్వకు. సైడు వింగులో చీకట్లో నిలబడి, పుస్తకం పట్టుకుని మీ అందరికీ మాట అందించడమే నా పని. మా నాన్న బడేసాహెబ్ నాటకాలకు బట్టలు కుట్టేవాడు. ఆ బట్టల మూటతో వచ్చిన నేను, ఎవరో మాట మరిచిపోతే పక్కనుంచి అందించాను. అంతే, ఆ రోజు నుంచి పుస్తకం నా చేతికొచ్చింది. అవతల వెలుతురులోకి ఒక్క అడుగు వెయ్యాలని ఎన్నేళ్ల నుంచో ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన అఫ్జల్‌కు కూడా. నీకే మొదట చెబుతున్నాను.

అది నీ వేషం. నువ్వు వద్దంటే వెళ్లను, మళ్లీ ఆ ఊసే ఎత్తను. ఒక్క ముక్క రాయి చాలు.

నీ
షాహీన్


చీరాల,
జూన్ ఆఖరు

షాహీనూ,

వద్దంటే వెళ్లవా? ఇదేనా నీ ధైర్యం? సీతాలు వేషం వెయ్యాలనుకునే మనిషి ముందు అడగడం మానెయ్యాలి. ఆ నాటకమంతట్లో సీతాలు ఎవరినైనా ఏదైనా అడుగుతుందా చూడు. వెళ్లు.

పెంచలకృష్ణ గారిని ఏమీ అనకు. ఆయన నాతో మాట్లాడిన మాట నిజమే. ఈ ఏడాది నాకు తీరదు. తమ్ముడు దావీదు ఇంట్లో ఉంటున్నాను, మరదలికి సాయంగా. ఊళ్లు పట్టుకుని తిరిగి తిరిగి కాళ్లు అరిగిపోయాయి, కొన్నాళ్లు ఒక చోట కూర్చుని అన్నం తిందామనిపించింది. ఇంతకు మించి కారణాలేమీ లేవు, వెతకొద్దు. ఫోను కూడా చెయ్యకు. ఈ ఇంట్లో సిగ్నలు సరిగా ఉండదు.

ఆడిషన్‌కు నలగని నూలుచీర కట్టుకో, పట్టు వద్దు. కడుపునిండా తిని వెళ్లకు. భయం వేస్తే చేతులు ఏం చెయ్యాలో తెలియదు, అప్పుడు చీర కొంగు పట్టుకుని నలుపుతారు ఆడవాళ్లందరూ. నువ్వు నలపకు. చేతులు వాటి మానాన వాటిని వదిలెయ్.

నాకు నీ మొదటి రోజు ఇంకా గుర్తుంది. పక్కనే ఉన్న రొయ్యల మేత వాసనకు నాకు కడుపులో తిప్పుతుంటే, నువ్వు ఎక్కడినుంచో జీలకర్ర వేసి కాచిన నీళ్లు తెచ్చి వింగులోంచి చెయ్యి మాత్రం బయటికి చాపావు. మొహం కనపడలేదు. గాజులున్న చెయ్యి, గ్లాసు, అంతే. ఇన్నాళ్లకు ఆ చెయ్యి గల మనిషి బయటికి వస్తానంటే నేనెందుకు వద్దంటాను?

ఏం జరిగిందో ఒక్క పొల్లు వదలకుండా రాయి.

నీ అక్క
అబిగయీలు


తోటపల్లి గూడూరు,
జులై

అక్కా,

పరువు పోయింది. మొత్తం రాస్తాను, నువ్వన్నా నవ్వుకో.

ఆదివారం గోడౌనులో బస్తాలు ఒక పక్కకు జరిపి కుర్చీలు వేశారు. పెంచలకృష్ణ గారు, గుంటల ఆసామి వేషం వేసే మన హజరత్తయ్య అన్న, నెల్లూరు నుంచి నాటకాలు తెలిసిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఆడవాళ్లు బాగానే వచ్చారు. ఒకామె టీవీ సీరియలుకు అనుకుని వచ్చింది, కాదని తెలిశాక, వచ్చాం కదా అని మజ్జిగ తాగి కూర్చుంది. వాణి అని ట్యూషన్లు చెప్పే అమ్మాయి ఉంది. ఆమె గొంతెత్తితే బయట రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్ల చప్పుడు కూడా వినపడలేదు. అప్పుడే నా ప్రాణం సగం పోయింది.

నన్ను పిలిచారు. నేను వెళ్లి ఎక్కడ నిలబడ్డానో తెలుసా? గోడ పక్కన, పక్కకు తిరిగి. మధ్యలోకి రమ్మన్నారు. వచ్చాను. మూడో రంగం చెప్పమన్నారు. అది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. "నేనొక్కదాన్నే నిలబడి ఉండానని" అన్నాను. ఆగాను.

ఎందుకు ఆగానో నాకే తెలియలేదు. వాళ్లు నన్ను చూస్తున్నారు, నేను వాళ్లను చూస్తున్నాను. తర్వాతి మాట ఎత్తుకున్నాను. "నా వెనకాల" అని మళ్లీ ఆగాను. రంగమంతా ఇదే వరస. ప్రతి మాటా మొదలుపెట్టడం, ఆగడం. గొంతు కూడా వింగులో వాడే గొంతే, పక్కమనిషికి తప్ప వినపడదు. పైగా హజరత్తయ్య అన్న తన మాట చెప్పబోయి ఊపిరి తీసుకుంటే, మరిచిపోయాడేమోనని ఆయన మాట కూడా నేనే అందించాను. టీవీ సీరియలు ఆమె పకపకా నవ్వింది.

నెల్లూరు పెద్దాయన కళ్లజోడు తీసి, "ఏందమ్మా, మొదులు చెప్పి ఆడనే నిలబడిపోతా ఉండావు? ఎవురి కోసరం కాసుకోనుండావు?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నీ కోసం ఆగుతున్నానని. మాట అందించేవాళ్లం మొదటి రెండు ముక్కలే చెబుతాం, మిగతాది వేషగాళ్లు అందుకుంటారు. ఇన్నేళ్లూ మొదళ్లు నావి, చివర్లు నీవి. ఆ చివర్లు నా నోటికి ఎప్పుడూ రాలేదక్కా. అందులోనూ మూడో రంగంలో ఆ గట్టు మీద మాట దగ్గర నువ్వు ప్రతిసారీ మరిచిపోయేదానివి. జనం అదంతా నటన అనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు, మన ఇద్దరికే తెలుసు. సరిగ్గా అక్కడే నా బుర్ర కూడా ఆగిపోయింది.

వాణిని మళ్లీ రమ్మన్నారు. లేచి వచ్చేస్తుంటే పెంచలకృష్ణ గారు నన్ను కూడా ఇంకొక తూరి రమ్మన్నారు. జాలిపడి పిలిచారేమో. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

షాహీన్


చీరాల,
జులై

ఓసి పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, మరదలు నాకేదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చింది. హజరత్తయ్యకు మాట అందించావా? ఆయన మొహం ఎలా పెట్టాడో నాకు ఇక్కడినుంచే కనపడుతోంది.

చివర్లు నీ నోటికి రాలేదని రాశావు. అది అబద్ధం. నేను గట్టు మీద నిలబడి మాట్లాడేటప్పుడు ఓరగా వింగులోకి చూసేదాన్ని. నీ పెదాలు కదులుతూ ఉండేవి, చివరిదాకా. సద్దు లేదు, అంతే. ఆ మాటలన్నీ నీ నోట్లోనే ఉన్నాయి. ఇప్పుడు వాటికి సద్దు తగిలించాలి, దానికింత రాద్ధాంతం దేనికి?

ఒక పని చెయ్యి. మీ అత్త సర్దార్‌బీని కూర్చోబెట్టి ఆమెకు చెప్పు. ఆమెకు కథ తెలియదు. ఎప్పుడూ నాటకానికి రాలేదు కదా. కథ తెలిసిన వాళ్ల ముందు నువ్వు సగంలో ఆపితే వాళ్లే మనసులో పూరించుకుంటారు. తెలియని మనిషి ముందు ఆపితే ఆమె ఊరుకోదు. మీ అత్త అసలే ఊరుకోదు.

ఇంకొక మాట. నాలాగా చెప్పకు. నా సీతాలు నాది, దానికి నేను చాలా పెట్టుకున్నాను. నీ సీతాలును నువ్వు వెతుక్కో.

అబిగయీలు


తోటపల్లి గూడూరు,
ఆగస్టు

అక్కా,

వేషం నాకే వచ్చింది.

ఈ ఒక్క ముక్క రాసి పంపిద్దామనుకున్నాను. కానీ నా మనసులో బాధ కూడా ఒకటి ఉంది, అది కూడా రాస్తాను.

ముందు సంతోషం సంగతి. నువ్వు చెప్పినట్టే మా అత్త ముందు మొదలుపెట్టాను. ఆమె వాకిట్లో కూర్చుని చేపలు తోముతుంటే నేను అరుగే గట్టనుకుని నిలబడ్డాను. మొదటి రోజు సగంలో ఆగితే, చేతిలో చేప అలాగే పట్టుకుని, ఏం జరిగిందో చెప్పకుండా నోరు మూసుకుంటావేమని తిట్టింది. రెండో వారం నుంచి ఆమే పిలవడం మొదలుపెట్టింది. "కయ్య అమ్మేస్తాదా, అమ్మదా? ముందు అది చెప్పు, తర్వాత ఏడువు" అంటుంది. చెప్పలేదు. నెల్లూరు వచ్చి చూసుకోమన్నాను. అఫ్జల్ నవ్వాడు గానీ, సీతాలు కోసం ముదురాకుపచ్చ నూలుచీర ఒకటి తెచ్చి మిషను మీద పెట్టి వెళ్లాడు.

రెండోసారి గోడౌనుకు వెళ్లినప్పుడు మధ్యలోనే నిలబడ్డాను. కొంగు నలపలేదు. గట్టు మీద మాట వచ్చేసరికి నాకు ఎదురుగా మేత బస్తాలు కనపడలేదు, మా అత్త మొహమే కనపడింది, తర్వాతేమిటని కళ్లు పెద్దవి చేసుకుని. మాట చివరిదాకా వెళ్లిపోయింది. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. పెద్దాయన హజరత్తయ్య అన్న వైపు చూసి తలూపాడు. వాణికి కోడలి వేషం ఇచ్చారు, ఆ పిల్ల నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

ఆ గోడౌనులోంచే మొట్టమొదట నీకు ఫోను చేశాను. ఎత్తావు. "అక్కా, సీతాలు నేనే" అన్నాను. అవతల ఊపిరి వినపడింది. అంతే, కట్ చేశావు. మళ్లీ చేశాను. మళ్లీ కట్ చేశావు. చుట్టూ అందరూ ఏమందమ్మా అక్క అని అడుగుతుంటే, చాలా సంతోషపడిందని అబద్ధం చెప్పాను.

సిగ్నలు లేదని రాయకు. ఊపిరి వినపడినప్పుడు మాట ఎందుకు వినపడదు? నువ్వు ఇష్టం లేకుండానే వెళ్లమన్నావని నాకిప్పుడు అర్థమైంది. నా సీతాలు నాది అని రాసిన రోజే అర్థం కావాల్సింది. ముందే వద్దని ఉంటే నేనేం బాధపడేదాన్ని కాదు. నువ్వు అలా కట్ చేశాక మాత్రం ఇంటికొచ్చి ఆ ఆకుపచ్చ చీర మడతపెట్టి పెట్టెలో అడుగున పెట్టేశాను.

నీ నోటి నుంచి లాక్కున్న మాటలు చెప్పుకుని చప్పట్లు కొట్టించుకోవాలని నాకు లేదు. నీ దగ్గర్నుంచి నిజమైన జవాబు వచ్చేదాకా రిహార్సలుకు వెళ్లను. రాకపోతే పెంచలకృష్ణ గారికి వేరే మనిషిని చూసుకోమంటాను.

షాహీన్


చీరాల,
ఆగస్టు

నా షాహీనూ,

నిజమైన జవాబు అడిగావు. రాస్తున్నాను.

ఆ రోజు ఫోను ఎత్తింది నేనే. నీ పేరు పిలవబోయాను. గాలి వచ్చింది, పేరు రాలేదు. నువ్వు అవతల అంత సంతోషంగా అరుస్తుంటే, నా గొంతులోంచి వచ్చే ఆ బుసబుస నీకు వినిపించడం ఇష్టం లేక కట్ చేశాను.

ఎండాకాలంలో గుంటూరులో ఆపరేషను చేశారు. గొంతులో గడ్డ. చెడ్డది కాదన్నారు, ప్రభువుకు స్తోత్రం. కానీ గొంతు మాత్రం తిరిగి రాలేదు. నెలల తరబడి నోరు మెదపొద్దన్నారు, పలక మీద రాసి మరదలికి చూపించేదాన్ని. ఇప్పుడిప్పుడే కొంచెం మాట్లాడొచ్చన్నారు. పక్కన కూర్చున్న మనిషికి వినపడుతుంది. హాలులో వెనక కూర్చున్న మనిషికి ఈ జన్మలో ఇక వినపడదు. డాక్టరు ఆ మాట చాలా మెల్లగా, మర్యాదగా చెప్పాడు. నేను చేతులు జోడించి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నటి అనే మనిషి అక్కడే అయిపోయింది.

పెంచలకృష్ణ గారికి ఉత్తరం రాసింది నేనే. సీతాలుకు బయటి నటిని పిలవొద్దు, మీ చుట్టుపక్కలే ఎంచుకోండి, నా సంగతి మాత్రం షాహీన్‌తో అనొద్దు అని. నీ పేరు సిఫారసు చెయ్యలేదు. ఎవరో చెబితే వచ్చిన వేషమని రేపు నిన్ను ఎవరూ అనకూడదు. కాగితం దుకాణం తలుపుకే అంటించమన్నాను. నువ్వు టైలరింగు షాపుకు ఆ దారినే పోతావు. వింగులో నీ పెదాలు కదలడం చూసిన రోజు నుంచీ నాకు తెలుసు, నీకు ఏం కావాలో.

అలాగని నేను దేవతనేమీ కాను. నీ మొదటి ఉత్తరం చదివి సంతోషపడ్డాను, అది నిజం. చదివి ఏడ్చాను, అదీ నిజం. నా సీతాలు నాది అని రాసినప్పుడు నాకు నీ మీద కుళ్లుగానే ఉంది. నీకు గొంతుంది, నాకు లేదు. రాసి పోస్టులో వేశాక సిగ్గుపడ్డాను.

ఇంకొకటి చెప్పాలి. మూడో రంగంలో ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ మరిచిపోయేదాన్నని రాశావు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు షాహీనూ. ఊరికొక సమితి, సమితికొక మొగుడు, ఒక కొడుకు. ఇవాళ వీళ్ల తల్లిని, రేపు వాళ్ల పెళ్లాన్ని. ఆట అయిపోగానే బ్యాగు సర్దుకుని బస్టాండుకు పోయే బతుకు. ఏ ఊళ్లోనూ వింగులోంచి నన్ను చూసుకునే మనిషి ఉండేది కాదు, పుస్తకంలోకి చూసేవాళ్లే. మీ ఊళ్లో నువ్వుండేదానివి. గట్టు మీద ఒక్కదాన్నే నిలబడి ఆ మాట అనేసరికి, నా పక్కన ఎవరో ఉన్నారని ఒక్కసారి వినాలనిపించేది. అందుకని ఆగేదాన్ని. నువ్వు "నా వెనకాల" అనేదానివి. నాకు అది చాలు, మిగతాదంతా దానంతటదే వచ్చేది.

చీర పెట్టెలోంచి తియ్యి. మడతలు పడితే బాగుండదు.

నీ అక్క


తోటపల్లి గూడూరు,
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి నన్ను నేను చాలా తిట్టుకున్నాను, తర్వాత నిన్నూ తిట్టుకున్నాను. ఆపరేషను చేయించుకుని నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను వచ్చి పక్కన కూర్చునేదాన్ని కాదా? జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చేదాన్ని కాదా? ఈ కోపం నాకు ఇప్పట్లో పోదు, చెప్పేస్తున్నాను.

చీర తీశాను. రిహార్సలుకు వెళ్తున్నాను.

ఇప్పుడు నా చిక్కు విను. నేను వెలుతురులోకి వచ్చేశాక వింగు ఖాళీ అయింది. పుస్తకం పట్టుకోవడానికి మనిషి లేదు. పెంచలకృష్ణ గారు ఒకాయన్ని పెట్టి చూశారు. ఆయన మొత్తం మాట గట్టిగా చదివేస్తాడు, ముందు వరసలో వాళ్లకు మాట రెండుసార్లు వినపడుతుంది. హజరత్తయ్య అన్న ఒకరోజు విసుక్కుని "నువ్వే ఆడుకోబ్బా, నేను చదవతా" అన్నాడు.

వింగులో నిలబడే మనిషికి పెద్ద గొంతు ఉండకూడదక్కా. పక్కన ఉన్న మనిషికి వినపడితే చాలు.

రా.

షాహీన్


చీరాల,
అక్టోబరు

షాహీనూ,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. రానని రాశాను, చింపేశాను.

నాకు భయంగా ఉంది. నన్ను సీతాలుగా చూసిన ఊరది. ఆటో దిగి నేను నోరు తెరిస్తే అందరి మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. అయ్యో అంటారు. ఆ అయ్యో నేను తట్టుకోలేను. ఇంకొక భయం కూడా ఉంది, అది నీకే చెబుతున్నాను. చీకట్లో నిలబడి, ఆ గట్టు మీద ఇంకొక మనిషిని చూడటం. నా కాళ్లు వాటంతట అవే ముందుకు నడుస్తాయేమో.

మరదలికి ఇదంతా చెప్పాను. ఆమె నేను చెప్పింది మొత్తం వింది. చివర్న, "వదినా, ఇంతసేపు మాట్లాడావు, నాకంతా వినపడిందిగా" అంది.

దావీదు తీసుకొస్తాడు. ఆట రోజు మధ్యాహ్నానికి నేరుగా నెల్లూరు వస్తాను. ముందే ఎవరికీ చెప్పకు.

అబిగయీలు


తోటపల్లి గూడూరు,
నవంబరు

అక్కా,

నేను మొహానికున్న రంగు కడుక్కునేలోపే రైలుకు టైమైందని వెళ్లిపోయావు. పాత అలవాటు, ఆట అయిపోగానే బ్యాగు. అందుకే మళ్లీ ఉత్తరమే గతి.

నువ్వు ఆటో దిగి నన్ను పిలిచినప్పుడు ఏడవకూడదని ముందే గట్టిగా అనుకున్నాను. ఏడవలేదు. మా అత్త ఏడ్చింది, నిన్ను ఎప్పుడూ చూడకపోయినా. ఎవరూ అయ్యో అనలేదు కదా? పెంచలకృష్ణ గారు పుస్తకం తెచ్చి నీ చేతిలో పెట్టి కాలరు సర్దుకోవడం కూడా మరిచిపోయారు. హజరత్తయ్య అన్న మాత్రం "అక్క వచ్చేసింది, నాకింక దిగులు లే" అని హాయిగా వక్కపొడి వేసుకున్నాడు. ఆయనే రెండు చోట్ల మరిచిపోయాడు, నువ్వే కాపాడావు.

తెర లేచాక వెలుతురు మొహం మీద పడితే ఎదురుగా ఏమీ కనపడదని నువ్వెప్పుడూ చెప్పలేదే. పెద్ద చీకటి, అందులో దగ్గులు. చేతుల్ని మాత్రం వాటి మానాన వదిలేశాను.

మూడో రంగం వచ్చింది. గట్టు ఎక్కాను. హజరత్తయ్య అన్న గుంట తవ్వడానికి మనుషుల్ని తీసుకొచ్చి నిలబడ్డాడు. "నేనొక్కదాన్నే నిలబడి ఉండానని అనుకుంటా ఉండారా?" అన్నాను. ఆగాను.

హాలంతా సద్దుమణిగింది. దగ్గులు కూడా ఆగిపోయాయి. ఒక ఊపిరి తీసుకున్నాను, ఇంకొకటి తీసుకున్నాను. నువ్వు అందించలేదు. హజరత్తయ్య అన్న కళ్లలో భయం కనపడింది. నీకేమైనా అయిందేమోనని వింగు వైపు తల తిప్పబోయాను. అప్పుడు వచ్చింది వింగులోంచి, నాకొక్కదానికే, "నా వెనకాల" అని.

"నా వెనకాల మా అమ్మ నాటిన నాటు ఉండాది, మా అత్త కోసిన కోత ఉండాది" అని నేను అందుకున్నాను. తర్వాత చప్పట్లు కొట్టారట, నాకు వినపడలేదు.

అందరూ నేను మాట మరిచిపోయానంటున్నారు. మొదటిసారి కదా, అవుతుందిలే అని పెంచలకృష్ణ గారు ఓదార్చారు. వాళ్లకు నేనేమీ చెప్పలేదు. నేను మరిచిపోలేదక్కా. నీ గొంతు వినాలనిపించింది.

కానీ ఎందుకంత ఆలస్యం చేశావు? పేజీ తప్పిందా? చీకట్లో పుస్తకం కనపడలేదా?

మా అత్త సీతాలు కయ్య అమ్మలేదని సంతోషపడింది. ఇంటికొచ్చే దారిలో మాత్రం, నాలుగు పక్కలా ఉప్పునీళ్లు పెట్టుకుని వచ్చే ఏడు ఏం పండిస్తాదని నన్ను నిలదీసింది. దానికి నువ్వే ఏదో ఒక జవాబు రాయాలి.

నీ
షాహీన్


చీరాల,
నవంబరు

షాహీనూ,

పేజీ తప్పలేదు. పుస్తకం కనపడుతూనే ఉంది.

నువ్వు మరిచిపోలేదని నాకు తెలుసు. ఆ ఆగుడు ఎవరిదో నాకు తెలియదా? ఆ మాట నా నాలుక చివరనే ఉంది. కానీ ఆకుపచ్చ చీరలో నువ్వు అంత వెలుతురులో నిలబడి ఉన్నావు, అంత మంది ఊపిరి బిగపట్టి నీ కోసం చూస్తున్నారు. నేను మాట అందిస్తే ఆ నిమిషం అయిపోతుంది. ఇన్నేళ్లూ నువ్వు చీకట్లోంచి నన్ను చూసుకున్నావు. ఆ కాసేపు నేను నిన్ను చూసుకున్నాను.

మీ అత్తకు చెప్పు, వచ్చే ఏడు ఏం పండిస్తుందో సీతాలుకు కూడా తెలియదని. వచ్చే ఆటకు రిహార్సళ్లు ఎప్పుడో పెంచలకృష్ణ గారిని ముందుగా రాయమను. ఈసారి మొదటి రోజు నుంచే వస్తాను.

నీ అక్క
అబిగయీలు